ఇనుము పక్కన ఏముంది?

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం, కంప్యూటర్ విభాగాల విద్యార్థులకూ ఊరివారికీ కలిపి జరిగిన సభలో విశ్రాంత రసాయనశాస్త్ర ఉపన్యాసకులు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఎదుట కూర్చున్న పిల్లలకూ, వెనుక చోటు చాలక గుమ్మం దగ్గర నిలబడిన ఊరివారికీ నమస్కారాలు. మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేస్తాను. ఈ బల్ల మీద అరచేయంత ఇనుపరేకు ఉన్నది. పొద్దున్న దీన్ని ఇసుకకాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది తెచ్చాను. దీని మీద ఇప్పుడు ఒకే ఒక్క ఉప్పునీటి బొట్టు, రూపాయి బిళ్ళంత బొట్టు, వేస్తున్నాను. ఆ నీటిలో మరో రెండు మందులు కలిపాను. వాటి పేర్లు సమయం వచ్చినప్పుడు చెబుతాను. ఈ బల్లకు ఎవరూ మోచేయి కూడా ఆనించకండి. గంట సేపు దాన్ని దాని మానాన వదిలేద్దాం, చివరలో అందరం కలిసి చూద్దాం.

దాని పక్కన నాలుగు సీసాలు ఉన్నాయి, చూడండి. వారం రోజుల కిందట నాలుగింటిలోనూ ఒక్కొక్క చీల వేశాను. నాలుగు చీలలూ ఒకే దుకాణంలో, ఒకే పొట్లంలోంచి తీసినవే. మొదటి సీసాలో నీరు లేదు, తేమను పీల్చుకునే కాల్షియం క్లోరైడు వేసి బిరడా బిగించాను. రెండవ దానిలో నీరు ఉన్నది కాని, అది బాగా మరగబెట్టిన నీరు, పైన వేలెడు మందాన కొబ్బరినూనె పోశాను, కనుక లోపలికి గాలి చొరబడదు. మూడవది మన కాలువ నీరు, మూత లేదు. నాలుగవది అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నా చేతులతో ముంచి తెచ్చిన సముద్రపు నీరు, దానికీ మూత లేదు. ఏమి జరిగింది? మొదటి రెండు చీలలు కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మూడవది ఎర్రబడింది. నాలుగవ సీసాలో నీరే టీ డికాషను రంగుకు తిరిగింది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఈ నాలుగింటిలో చెడ్డ చీల ఏది? ఆలోచించి చెప్పండి. చెడ్డ చీల అంటూ ఏదీ లేదు. గాలి ఒక్కటే ఉన్నచోట చీల చెడలేదు, నీరు ఒక్కటే ఉన్నచోట చెడలేదు, రెండూ కలిసి పక్కన చేరినప్పుడు చెడింది, ఉప్పు కూడా తోడైనప్పుడు మరింత త్వరగా చెడింది. లోహం తనంతట తాను చెడదు. దాని పక్కన ఏముందో దాన్ని బట్టి చెడుతుంది. నేను ఈ పూట చెప్పబోయేది ఈ ఒక్క మాటే. దాన్ని ఇనుములో చూపిస్తాను, కంప్యూటరు ప్రోగ్రాములో కూడా చూపిస్తాను.

రసాయనశాస్త్రం చెప్పుకునేవాడికి ప్రోగ్రాములతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. మా పెద్దమ్మాయి హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తుంది. రాత్రి భోజనాలయ్యాక ఫోనులో తాను తన పని గురించి చెబుతుంది, నేను నా లోహాల గురించి చెబుతాను. అలా కొన్నేళ్ళుగా మేమిద్దరం సరదాగా పోగుచేసుకున్న పోలికలే ఈ ప్రసంగం. ఒక రోజు తాను, "నాన్నా, నేను రస్ట్ నేర్చుకుంటున్నాను" అన్నది. "తుప్పు నేర్చుకోవడం ఏమిటే అమ్మడూ, ఈ ఊళ్ళో తుప్పు పట్టడం ఎవరూ నేర్పనక్కరలేదే" అన్నాను. అది ఒక ప్రోగ్రామింగు భాష పేరని అప్పుడు తెలిసింది. గ్రేడన్ హోర్ అనే ఆయన 2006లో దాన్ని సొంత పనిగా మొదలుపెడితే, 2015 మే నెలలో మొదటి స్థిరమైన రూపం వెలువడింది.

అయితే ఆ పేరు మన గేటుకు పట్టే తుప్పు నుంచి వచ్చింది కాదు. మొక్కలకు వచ్చే తుప్పు తెగులు ఉన్నది కదా, వేరుశనగ ఆకుల అడుగున ఇటుకరంగు పొక్కులు లేచే తెగులు, దాన్ని కలిగించే శిలీంధ్రాల పేరు అది. ఆ జాతి శిలీంధ్రాలు ఎంత మొండివంటే, 1869లో సింహళంలో కాఫీ ఆకుకు పట్టిన తుప్పు తెగులు కొద్ది సంవత్సరాలలోనే అక్కడి కాఫీ తోటలను తుడిచిపెట్టింది, ఆ నేలలోనే తరువాత తేయాకు వేశారు. తేలికగా చావని జీవి గనుక హోర్‌కు ఆ పేరు నచ్చింది. మన రైతు కూడా మొక్క తెగులుకూ ఇనుప తెగులుకూ ఒకే మాట వాడుతున్నాడు, చూశారా! రెంటిలోనూ పైకి కనిపించేది ఆ ఎర్రని పొడే.

తెలుగులో ఇంకొక మంచి సంగతి ఉన్నది. ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అంటాం, రాగికీ ఇత్తడికీ పట్టేదాన్ని చిలుము అంటాం. మా అమ్మ ఎన్నడూ "బిందెకు తుప్పు పట్టింది" అనలేదు, "చిలుము పట్టింది" అనే అన్నది. రెండు మాటలు ఉండడం రసాయనశాస్త్రం ప్రకారం కూడా న్యాయమే. చిలుము లోహానికి గట్టిగా అంటుకుని ఉంటుంది, కింది రాగిని కొంతవరకు కప్పి కాపాడుతుంది. చింతపండు పులుపుతో తోమితే పోతుంది, లోపలి లోహం మళ్ళీ తళతళలాడుతుంది. తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉంటుంది, పొరలు పొరలుగా రాలిపోతుంది, రాలినచోట కొత్త ఇనుము గాలికి బయటపడుతుంది, దానికి మళ్ళీ తుప్పు పడుతుంది. అల్యూమినియానికి కూడా గాలి తగలగానే పొర ఏర్పడుతుంది, కాని ఆ పొర మిల్లీమీటరులో లక్షోవంతు మందంలో ఉంటూనే సందులేకుండా కప్పేస్తుంది. అంటే, గాలి తగిలి మార్పు చెందడం అన్నిటికీ ఉన్నదే. ఆ మార్పు వల్ల పుట్టిన పొర కాపలా కాస్తుందా, రాలిపోతుందా అన్నదే తేడా. మన ఊళ్ళలో కళాయి వేసేవాళ్ళు ఇత్తడి గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, దూదితో తగరం పూసేటప్పుడు చేసేది కూడా కాపలా పొరను చేత్తో వేయడమే. గిన్నెలో పులుసు కాచినా పులుపు ఇత్తడిని తాకకుండా ఆ తగరం అడ్డుపడుతుంది.

ఇప్పుడు నేనూ మా అమ్మాయీ వేసుకున్న పోలికలలోకి వస్తాను. సి అనే భాష ఉన్నది, 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ తయారు చేసినది. అది మామూలు ఇనుము. చవక, బలమైనది, ఎక్కడ చూసినా అదే, అది లేకపోతే ప్రపంచం నడవదు. కాని ఎండావానలలో వదిలేస్తే ఊరుకోదు. ఆ భాషలో వంద గళ్ళ పట్టిక పెట్టుకుని నూటొకటో గడిలో విలువ రాయబోతే, "అయ్యా, అది నీది కాదు" అని అడ్డుపడేవాడు ఎవడూ లేడు. మనం గట్టు దాటి పక్కవాడి మడిలో నాటు వేసినట్టే అవుతుంది. మనకు ఆ పూట ఏమీ తెలియదు. పక్కవాడి పంట మాత్రం పాడవుతుంది. 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు తాము ఏటా సరిచేసే భద్రతా లోపాలలో సుమారు 70 శాతం ఈ జ్ఞాపకశక్తి పొరపాట్లకు సంబంధించినవేనని చెప్పారు. జ్ఞాపకశక్తి అంటే ఇక్కడ కంప్యూటరు మెమరీ అని అర్థం చేసుకోండి.

మరి రస్ట్ భాష ఏ లోహం? పేరు చూస్తే తుప్పు, గుణం చూస్తే స్టెయిన్‌లెస్ స్టీలు! 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలకు పనికివచ్చే ఉక్కు కోసం వెతుకుతూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే పైన కంటికి కనబడని పొర ఏర్పడుతుంది, గీత పడినా అది తనంతట తానే మళ్ళీ కప్పుకుంటుంది. రస్ట్ భాషలో కూడా శ్రమంతా తయారీలోనే పెట్టారు. ప్రోగ్రాము నడవకముందే, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరు ప్రతి విలువా ఎవరిది, ఎవరు అరువు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇస్తారు అని లెక్క అడుగుతుంది. లెక్క కుదరకపోతే ప్రోగ్రామును బయటికే రానివ్వదు.

ఆ నియమాన్ని మా అమ్మాయి నాకు ఎన్ని విధాలుగా చెప్పినా తలకెక్కలేదు. చివరికి మన గ్రంథాలయంలోని దినపత్రిక గుర్తుకు వచ్చింది. పొద్దున్న ఒకే పత్రిక చుట్టూ నలుగురైదుగురు చేరి భుజాల మీదుగా తొంగి చూస్తూ చదువుతారు, ఎవరికీ ఇబ్బంది లేదు. కాని ఒకాయన కలం తీసి గళ్ళనుడికట్టు పూరించడం మొదలుపెడితే? అప్పుడు పత్రిక ఆయన ఒక్కడి చేతిలోనే ఉండాలి. ఆయన పూరిస్తుండగా ఇంకొకరు లాక్కున్నా, ఇంకొకరు కూడా కలం పెట్టినా, గళ్ళన్నీ తారుమారు. చదివేవారు ఎందరైనా ఉండవచ్చు, రాసేవారు మాత్రం ఒక్కరే, ఆ ఒక్కరు రాస్తున్నంత సేపూ చదివేవారు కూడా ఉండకూడదు. "అదే నాన్నా, సరిగ్గా అదే" అన్నది. నాకు ఆ రాత్రి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

అయితే స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు తుప్పే రాదనుకుంటే పొరపాటు. మన సముద్రతీరపు ఊళ్ళలో డాబాల మీది స్టీలు రెయిలింగులను దగ్గరికి వెళ్ళి చూడండి. అతుకు వేసిన చోట గోధుమరంగు చారలు కనిపిస్తాయి. వెల్డింగు వేడికి ఆ చోట క్రోమియం కర్బనంతో కలిసిపోయి ఉక్కు రేణువుల అంచులలో తక్కువపడుతుంది, ఉప్పుగాలి ఆ సందునే పట్టుకుంటుంది. రస్ట్ భాషలో కూడా "ఇక్కడ నన్ను నమ్ము, నేను చూసుకుంటాను" అని రాసేవాడు కంపైలరుకు చెప్పి, కొన్ని తనిఖీలను తన మీద వేసుకునే వీలు ఉన్నది. అన్‌సేఫ్ అని దానికి పేరే పెట్టారు. పాత సి ప్రోగ్రాములతో అతుకు వేసేది చాలావరకు అక్కడే. లోపాలు వెతికేవారు ముందుగా చూసేదీ ఆ అతుకునే.

పైథాన్ భాష అల్యూమినియం. తేలిక, చేతితో వంచవచ్చు, ప్రతి వంటింట్లోనూ ఉన్నది, పిల్లలు కూడా వారం రోజుల్లో ఏదో ఒకటి చేసి చూపించగలరు. కాని బరువు మోయమంటే ఎలా? దీనికి జవాబు మీరు ఈ సభకు వస్తూ నెత్తి మీదే చూశారు. పొలాల మీదుగా పోయే పెద్ద కరెంటు తీగను కోసి చూస్తే, చుట్టూ అల్యూమినియం తీగలు పేనినట్టు ఉంటాయి, మధ్యలో ఉక్కు తీగ ఉంటుంది. కరెంటును మోసేది అల్యూమినియం, బరువును మోసేది ఉక్కు. పైథాన్‌లో పెద్ద పెద్ద సంఖ్యల పట్టికలను లెక్కించే నంపై అనే సాధనం కూడా ఇంతే, పైకి పైథాన్, గర్భంలో సి. మనకు కనిపించేది తేలికైన లోహం, బరువు లాగేది లోపలి ఇనుము. ఇంకొక్క మాట, ఆ మధ్య ఉక్కుకు జింకు పూత వేసి మరీ పేనుతారు. ఎందుకు? రెండు వేరు లోహాలు తడిలో ఒకదాన్నొకటి తాకితే ఏమవుతుందో తెలిసినవారు గనుక.

ఏమవుతుందో తెలియని రోజులలో ఏమైందో చెబుతాను. 1761లో ఇంగ్లండు నౌకాదళం అలారం అనే చెక్క ఓడ అడుగుకు రాగి రేకులు కొట్టింది. చెక్కను తొలిచే పురుగూ, అడుగున అంటుకునే గవ్వలూ రాగిని చూసి దూరంగా ఉంటాయని వారి ఆలోచన. ఆ ఆలోచన ఫలించింది కూడా. కాని రెండేళ్ళ తరువాత ఒడ్డుకు చేర్చి చూస్తే రాగి రేకులు బిగించిన ఇనుప చీలలు చాలాచోట్ల కుళ్ళి పిండి అయిపోయాయి. కొన్ని చీలలు మాత్రం బాగున్నాయి. ఎందుకు బాగున్నాయి? రాగి రేకులను దుకాణం నుంచి చుట్టి తెచ్చిన మందపాటి గోధుమరంగు కాగితాన్ని కొన్నిచోట్ల ఒలవకుండా అలాగే కొట్టేశారు. ఆ కాగితం రాగికీ ఇనుముకూ మధ్య అడ్డుగా నిలిచింది, ఆ చీలలు బతికాయి. రాగి మంచిది, ఇనుము మంచిది, రెంటినీ ఉప్పునీటిలో పక్కపక్కన పెట్టడమే చేటు తెచ్చింది. ప్రోగ్రాములు రాసే పిల్లలు దీనికి నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. వేరుగా నడిపితే చక్కగా నడిచే రెండు లైబ్రరీలను, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము భాగాలను, ఒకే ప్రోగ్రాములో పెట్టగానే ఒకదాన్నొకటి తినేయడం మీకు నిత్యం అనుభవమే. ఒక్కొక్కదానికీ వేరు గది కట్టి, మధ్యలో గోడ పెట్టి నడపడం మీరు చేసే పని. ఆ గోడే ఆ గోధుమరంగు కాగితం.

తరువాత 1824లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త మరో ఉపాయం చూపించాడు. రాగి అడుగున్న ఓడకు జింకు ముక్కలో ఇనుప ముక్కలో తగిలిస్తే, ఆ ముక్కలు తాము కరిగిపోతూ రాగిని కాపాడతాయి. నేటికీ ఇనుప ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది, మన రేకుల షెడ్డుకు జింకు పూసేది ఈ సూత్రంతోనే. డేవీ లెక్క తప్పలేదు, రాగి కరగడం తగ్గింది. కాని రాగి కొద్దికొద్దిగా కరగడం వల్లనే కదా ఓడకు గవ్వలు పట్టకుండా ఉన్నది! రాగి కరగడం తగ్గగానే గవ్వలు గుట్టలుగా పట్టి ఓడల నడక మందగించింది, చివరికి ఆ జింకు ముక్కలను తీసేశారు. ఒక లోపాన్ని సరిచేస్తే, ఆ లోపం మీదే ఆధారపడి నడుస్తున్న ఇంకొక పని ఆగిపోవడం మీ ఆఫీసులలో ఉన్నదా లేదా? ఉన్నదని మా అమ్మాయి ప్రమాణం చేసి చెబుతుంది.

ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైన విషయానికి వచ్చాను. తుప్పు అంటే ఇనుమును గాలి తినడం అనుకుంటాం. అలాగైతే గాలి ఎక్కువ తగిలేచోట ఇనుము ఎక్కువ పోవాలి కదా? కాని పోదు! గాలి తక్కువ అందేచోటనే పోతుంది. గేటు మడతబందు వెనుక, వాచరు కింద, మట్టి అంటుకున్న చోట, రంగు పొర ఉబ్బిన చోట. తుప్పు పట్టడం అంటే ఒక చిన్న బ్యాటరీ నడవడం. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరిగిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా నడిచి ఇంకొకచోటికి వెళ్ళి, అక్కడ బాగా అందుతున్న ఆక్సిజనుతో నీటితో కలుస్తాయి. కరిగిన ఇనుమూ అటు పుట్టిన క్షారమూ మధ్య దారిలో కలిసినచోట ఎర్రని తుప్పు పేరుకుంటుంది. అంటే లోహం పోయేది ఒకచోట, ఆక్సిజను ఖర్చయ్యేది రెండవచోట, తుప్పు కనిపించేది మూడవచోట. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ దీన్ని ఒక్క నీటిబొట్టుతో చూపించాడు. ఆ బొట్టునే నేను ఈ బల్ల మీద పెట్టాను.

మా అమ్మాయి ఒకసారి మూడు రోజులు నిద్ర లేకుండా ఒక లోపం కోసం వెతికింది. రోజూ సాయంత్రానికి ఒక మొత్తం తప్పుగా చూపిస్తోంది. ఆ మొత్తం కూడే భాగాన్ని వంద సార్లు చదివిందట, అందులో ఒక్క తప్పూ లేదు. "నాన్నా, కూడిక సరిగ్గానే ఉంది, మొత్తం మాత్రం తప్పు వస్తోంది, నాకు పిచ్చెక్కేలా ఉంది" అన్నది. ఆ రోజే నేను మా గేటు బాగు చేయించాను. మడతబందు కింద గోడ మీద ఎర్రని చార కారి ఉంది, మేస్త్రీ ఆ చార ఉన్నచోట ఎంత గీకినా బందు పైభాగం గట్టిగానే ఉంది. బోల్టు విప్పి బందు ఊడదీస్తే, వెనుక గోడకు ఆనుకునే పక్క, ఎవరికీ కనిపించని పక్క, బిస్కెట్టులా విరిగింది. ఆ సంగతే చెప్పి, "చార ఉన్నచోట వెతకకే అమ్మడూ, దాని వెనుక ఆనుకుని ఏముందో చూడు" అన్నాను. మరునాడు మధ్యాహ్నం ఫోను చేసింది. మెమరీలో ఆ మొత్తానికి పక్కనే ఇంకొకరు రాసిన పట్టిక ఒకటి ఉన్నదట. వంద గళ్ళు, సున్నా నుంచి తొంభైతొమ్మిది దాకా. వాళ్ళు నూరు అనే గడిలో కూడా ఒక విలువ పెట్టారు. అది పోయి మా అమ్మాయి మొత్తం మీద పడింది. నేను చెప్పలేదా, గట్టు దాటిన నాటు!

ఇప్పుడు ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తగిలే మాట. మా నాన్నగారు మా ఇంటికి స్లాబు వేయించినది ఎండాకాలంలో, కాలువలు కట్టేసిన రోజుల్లో. మంచినీరు దూరం నుంచి బండి మీద తేవాలి, ఖర్చు. పెరట్లో బోరు ఉన్నది, ఉప్పునీరు. దానితోనే కాంక్రీటు కలిపించారు. పదిహేనేళ్ళు ఏమీ తెలియలేదు. ఆ తరువాత ఒక వానాకాలం రాత్రి నడవలో పళ్ళెమంత పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. కర్రతో కొట్టి చూస్తే సగం స్లాబు డొల్లగా పలికింది. మేస్త్రీ వచ్చి చూసి, "సిమెంటు మంచిదేనండి మాస్టారూ, కంకరా మంచిదేనండి, చువ్వ కూడా మంచిదే వేశారండి, ఎందుకిలాగైందో తెలవట్లేదండి" అన్నాడు. అతను అన్నదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. కాంక్రీటు సహజంగా గట్టి క్షారం, ఆ క్షారంలో చువ్వకు కాపలా పొర ఏర్పడుతుంది, ఎన్నేళ్ళైనా చెక్కుచెదరదు. కాని ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చీల్చుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది.

మా నాన్నగారిని నేను తప్పుపట్టను. ఆ రోజు మంచినీరు నిజంగానే ఖరీదు. ప్రోగ్రాముల తొలినాళ్ళలో మెమరీ కూడా అంతే ఖరీదు, అందుకని సంవత్సరాన్ని నాలుగు అంకెలకు బదులు రెండు అంకెలతో రాసుకున్నారు. అరవై, డెబ్బై అంటే సరిపోయింది. 2000 దగ్గరపడేసరికి సున్నా సున్నా అంటే 1900 అని యంత్రం అనుకుంటుందేమోనని ప్రపంచమంతా కూర్చుని పాత ప్రోగ్రాములను తవ్వి సరిచేయవలసి వచ్చింది. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ పని మీదే దేశాలు వెళ్ళారు, ఈ సభలోనే ఆ ఇళ్ళవారు ఉండి ఉంటారు. అటువంటిదే ఇంకొకటి 2038 జనవరి 19న ఉన్నది, 32 బిట్లతో కాలాన్ని లెక్కపెట్టే పాత యంత్రాలకు ఆ రోజుతో అంకెలు అయిపోతాయి. బిట్టు అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ఒక చోటు. కట్టినవారు తెలివితక్కువవారు కారు. కాలువ కట్టేసిన రోజుల్లో కట్టారు, అంతే.

ఒక అక్షరం కూడా మారని ప్రోగ్రాము చెడుతుందా అని ఇందాక గుమ్మం దగ్గర ఒక అబ్బాయి అడిగాడు. చెడుతుంది నాయనా. 1996 జూన్ 4న ఏరియాన్ 5 అనే రాకెట్టు మొదటిసారి పైకి లేచి 40 సెకన్ల లోపే దారి తప్పి పేలిపోయింది. దాని దిశను చూసే ప్రోగ్రామును ముందటి రాకెట్టు ఏరియాన్ 4 నుంచి తీసుకున్నారు. అక్కడ అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ, ఆ వేగానికి వచ్చిన పెద్ద సంఖ్య 16 బిట్ల గడిలో పట్టలేదు. ప్రోగ్రాము అదే, పక్కన ఉన్న రాకెట్టు మారింది. ఈ నాలుగు సీసాలలో చీల అదే, నీరు మారింది.

మరి ఢిల్లీ స్తంభం మాటేమిటి అని ప్రతి సభలోనూ అడుగుతారు, ముందే చెబుతాను. ఆరు టన్నులకు పైబడిన ఆ ఇనుము సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉన్నది. ఐఐటీ కాన్పూరులో ఆర్. బాలసుబ్రమణ్యం గారు చాలాకాలం పరిశోధించి, ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరం వల్ల పైన కాపలా పొర ఏర్పడిందని చూపించారు. ఢిల్లీ పొడిగాలి కూడా దానికి కలిసివచ్చింది. 1959లో పుట్టిన కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు నేటికీ బ్యాంకులలో నడుస్తున్నాయి, వాటిని చూస్తే మా అమ్మాయికి ఆ స్తంభమే గుర్తుకొస్తుందట. 1997లో స్తంభం చుట్టూ కంచె వేశారు, జనం చేతులు తగిలి పొర అరిగిపోతోందని. బ్యాంకులవారూ అంతే, కంచె వేసి "ముట్టుకోవద్దు" అంటారు. కాని అదే స్తంభాన్ని తెచ్చి అంతర్వేది ఒడ్డున పాతితే ఏమవుతుందో నేను పూచీ పడలేను.

ఒక్క విషయం దగ్గర పోలికలు ఆపేస్తాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరం గ్రామంలో గ్యాసు పైపు పగిలి మంటలు లేచాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాసు వెళ్ళవలసిన పైపులో తడి గ్యాసు వెళ్ళిందని, ఆ తడికి పైపు లోపలి నుంచి తుప్పు తిన్నదని విచారణలో వచ్చింది. భూమిలో ఉన్న పైపు, లోపలి పక్క తుప్పు, ఎవరి కంటికి కనిపిస్తుంది? ఈ సభలో ఆ ఊరివారు ఉన్నారు. తుప్పు గురించి నేను ఎంత సరదాగా మాట్లాడినా ఆ ఉదయాన్ని మరచి మాట్లాడడం లేదని వారికి చెప్పుకోవాలి.

అందుకే రంగు వేసేవారి గురించి కూడా రెండు మాటలు చెబుతాను. రాజమండ్రిలో హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసింది. దాని పక్కన 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన ఇప్పటికీ మోస్తున్నది. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. ఇవి నిలబడి ఉన్నాయంటే, ఎవరో తాడు కట్టుకుని వేలాడుతూ పాత తుప్పు గీకి, రెడాక్సైడు కొట్టి, పైన రంగు వేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు కాబట్టి. లోహాల క్షయం వల్ల ప్రపంచానికి ఏటా రెండున్నర లక్షల కోట్ల డాలర్ల నష్టం వస్తోందని 2016లో నేస్ అనే సంస్థ లెక్క కట్టింది. తెలిసిన జాగ్రత్తలు సరిగా తీసుకుంటే అందులో మంచి భాగం మిగుల్చుకోవచ్చని కూడా చెప్పింది. కొత్త వంతెనకు శిలాఫలకం వేస్తారు, అందులో పేర్లు చెక్కుతారు. రంగు వేసినవారి పేరు ఏ ఫలకం మీదా నేను చూడలేదు. మా అమ్మాయి చేసేది కూడా ఎక్కువగా పాత ప్రోగ్రాములను గీకి రంగు వేసే పనే. ఏమి కట్టావమ్మా అని చుట్టాలు అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఏమి పడిపోకుండా ఆపావమ్మా అని అడగండి, రాత్రంతా చెబుతుంది.

గంట అయింది. బొట్టు దగ్గరికి వద్దాం. ముందు వరుసలోని పిల్లలు ఇద్దరు రండి, బల్లను తాకకుండా వంగి చూడండి. నేను నీటిలో కలిపిన మందుల పేర్లు ఇప్పుడు చెబుతాను. ఒకటి పొటాషియం ఫెర్రిసయనైడు, ఇనుము కరిగినచోట నీలంగా మారుతుంది. రెండవది ఫినాఫ్తలీన్, క్షారం పుట్టినచోట గులాబీ రంగు వస్తుంది. ఏమి కనిపిస్తోందమ్మా? గట్టిగా చెప్పు, వెనుక ఉన్నవారికి వినబడాలి.

"అంచు చుట్టూ గులాబీ రంగుందండి. మధ్యలో నీలంగా ఉంది. రెంటికీ మధ్య ఎర్రటి గీత గుండ్రంగా ఉందండి, మాస్టారూ."

గాలి బాగా అందేది ఎక్కడమ్మా, అంచునా, మధ్యలోనా?

"అంచునండి."

ఇనుము పోయింది ఎక్కడ?

"మధ్యలోనండి."

ఇప్పుడు ఆ నీటిని దూదితో మెల్లగా అద్దెయ్యి. రేకును కిటికీ వైపు వెలుతురులో పట్టుకుని చూడు. మధ్యలో మెరుపు పోయి మసకబారిన మచ్చ కనిపిస్తోందా? కనిపిస్తోంది కదూ. ఒకరి తరువాత ఒకరు వచ్చి చూడండి, తొందర లేదు, నేను ఇక్కడే ఉంటాను.